నీలం అంటని పళ్ళెం

మా బావ గోడలకు రంగులు వేస్తాడు. నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే ఏడాదైనా ఎముక అతకలేదు. చివరికి డాక్టరు ఆయన తుంటి ఎముకలోంచి కాస్త మూలుగ తీసి, అందులోని మూలకణాలను పెంచమని నేను పనిచేసే ల్యాబ్‌కు పంపాడు. వాటిని విరిగినచోట పెడితే ఎముక అతుకుతుందని ఆశ. లేకపోతే బావ ఇక నిచ్చెనెక్కడు.

ఆ కణాలు నా ప్రాణం తోడేశాయి. పళ్ళెంలో వేసిన కొన్నాళ్ళకే ఉబ్బిపోయి, బద్ధకంగా పరుచుకుని, పెరగడం మానేశాయి. ముసలితనం! అచ్చం మా బావ పోలికేనని తిట్టుకున్నాను. ముసలితనాన్ని తగ్గించే మందు వేసి చూశాం. సరిపడా పెరిగాయి. కానీ లోపల ఇంకా ముసలివే అయితే డాక్టరు వాటిని ముట్టుకోడు.

"మళ్ళీ సూది గుచ్చుతామంటే లేచి పారిపోతా మరదలా," అన్నాడు బావ ఫోన్లో.

"పారిపోగలిగితే ఈ గోలంతా ఎందుకు బావా?"

ఆయన నవ్వాడు. వెనక అక్క నవ్వు మాత్రం వినిపించలేదు.

పరీక్షకని మందు వేసిన కణాలు కొన్నిటికీ, వేయనివి కొన్నిటికీ వేర్వేరు పళ్ళేల్లో రంగు వేశాం. ముసలి కణాలైతే నీలమవుతాయి. పొద్దున్నే మైక్రోస్కోపులో చూశాను. మందు వేసిన పళ్ళెంలో నీలం జాడే లేదు. ఎగిరి గంతేయాల్సింది పోయి నాకు అనుమానం పట్టుకుంది. రంగే పాడైపోయి ఉంటే? అప్పుడు ముసలివి కూడా ఇలాగే కనిపిస్తాయి కదా!

పోల్చి చూడ్డానికి మందు వేయకుండా ఉంచిన పళ్ళెం పక్కనే ఉంది. అది నీలమైతేనే ఇది నిజం. 'నీలంగా ఉండవే తల్లీ, నీకు పుణ్యముంటుంది' అని బతిమాలుకుంటూ లెన్సు కింద పెట్టాను.

నీలం! ఎటు చూసినా నీలమే! ముసలి కణాలను చూసి అంత మురిసిపోయిన మనిషి ఇంకొకరు ఉండరు. అక్కడే కూర్చుని భోరుమన్నాను. మా ల్యాబ్ పెద్దాయన పరుగున వచ్చి, రెండు పళ్ళేలూ చూసి, "ఏడుపెందుకమ్మా? డాక్టరుకి ఫోన్ చెయ్," అన్నాడు.

డాక్టరు సరేనన్నాక అక్కకు చేశాను. "మందు వేసినవాటికి రంగు అంటలేదక్కా. పడుచుగా ఉన్నాయి, ఆపరేషన్ చేస్తారట."

అవతల అక్క ముక్కు చీదిన చప్పుడు. ఫోను బావ లాక్కున్నాడు.

"ఇన్నేళ్ళూ గోడకి రంగు అంటకపోతే నా ప్రాణం పోయేది మరదలా," అన్నాడు. "ఇవాళ అంటలేదంటే ప్రాణం లేచొచ్చింది."