మడికట్టుకొన్న బదనిక

అవిరతవర్షధారాపరవశములైన కార్మేఘములు అనంతగిరిశిఖరముల నాక్రమించి కాఫీతోఁటల నొకసారి మఱుఁగుపఱచుచు నొకసారి బయలుపఱచుచుఁ దామే నిలుకడ యెఱుఁగక తిరుగుచున్న యొక శ్రావణప్రభాతమున అప్పలచయనులుగారును నిలువలేక కూర్చుండలేక పసుపునీటిచెంబు చేతఁబట్టి తమ వసారాలోఁ గుళ్లిన పనసకొమ్మ చుట్టును గానుగెద్దువలెఁ దిరుగుచుండిరి.

ఆ కొమ్మపై నొకనాఁడు బదనిక పూచినది. పట్టణవాసులు ఆర్కిడ్ అని పిలుచు నా మొక్కను గాలివానకుఁ గూలిన కొమ్మతోఁ గూడఁ దెచ్చి వారి యిల్లాలు మాణిక్యాంబ సంతానము లేని తన యొడి నిండెనని మురిసి పెంచెను. శుచికే శుచి నేర్పఁగల చయనులుగారు దాని వేరులకుఁ బట్టిన తెల్లని బూజుఁ గని రోసి, కొబ్బరిపీచుతోఁ బైపొర యూడునట్లు తోమి కడిగిరి. వేరు కడిగిన ముత్యమయ్యెను. మొక్క వేఱులోకమున కేఁగెను. మిగిలిన దొక్క కాయ. అందలి ధూళివంటి విత్తులఁ జయనులుగారు పశ్చాత్తాపతప్తులై కాఁచి వడియఁగట్టిన మట్టిలోఁ జల్లిరి. మడిలో మొలవవలసినవి మడిచేతనే మాడినవి.

కడపటి చిటికెఁడు విత్తులను మాణిక్యాంబ భర్తకుఁ దెలియనీక పాతబూజు మిగిలిన యా కొమ్మకే రుద్దెను. ఇప్పుడు బూజు వానిపైఁ బ్రాఁకినది.

"ఇది చూస్తూ ఊరుకోమన్నావుటే?" అని చయనులుగారు చెంబెత్తిరి.

"ఆ చెంబు దింపండి! పాచి కడుగుతానని ప్రాణం కడిగేశారు. ఇంక కడగడానికి నేనొక్కర్తినే మిగిలాను."

"బూజు పట్టిందే!"

"పట్టనివ్వండి. ఇన్నేళ్ళూ మిమ్మల్ని పట్టుకుని నేను లేనూ? అడవిలో పిల్లబదనికలన్నీ ఈ బూజున్నచోటే చూశాను."

ఇతరవిత్తులు తల్లి కట్టిన చద్దిమూటతో జనించును. బదనికవిత్తు వట్టిచేతులతో వచ్చును. దానికిఁ దొలిముద్ద యందించున దా బూజే యని చయనులుగా రెఱుఁగరు. అయినను వంగి చూచిరి. తంతుజాలమధ్యమున నావగింజకన్నఁ జిన్నదగు నొక యాకుపచ్చనిబొట్టు మెఱయుచుండెను.

"మొక్కని బూజు తింటోందా, బూజుని మొక్క తింటోందా?"

"కాపురమండీ అది. ఎవరు ఎవర్ని తింటున్నారో బయటివాళ్ళకేం తెలుస్తుంది?"

చెంబు దింపుటకు నంతసేపు పట్టునని చయనులుగా రెన్నఁడు నూహింపలేదు. తుదకు నీటిని వాకిటఁ బాఱఁబోసి, దురదవెట్టుచున్న చేతులను జంకలలో నిఱికించుకొని చతికిలఁబడిరి. మాణిక్యాంబ తాను సగము త్రాగిన కాఫీగ్లాసు నరుఁగుపై విడిచి పొయ్యి చూచుటకై లోని కేఁగెను.

జన్మమందుఁ బరుల యెంగి లెఱుఁగని యా మహానుభావుఁడు వాకిలివంక నొకసారి, మొలకవంక నొకసారి చూచి, గ్లాసు నందుకొని, యామె పెదవులంటిన యంచుననే తన పెదవులానించి, గుటగుట త్రాగెను.