పిలిస్తేనే పలకాలి

బోరం అత్తగారికి మనుషులకంటే జాడీలమీద మమకారం ఎక్కువని ఆ వీధిలో అందరూ అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. మాసాన్ రేవుకి ఎగువన, కొండవాలులో ఉన్న ఆ ఇంటి డాబా నిండా నల్లటి మట్టి జాడీలే. కొన్నిట్లో సోయాగింజల ముద్ద, కొన్నిట్లో సోయా రసం, చిన్నవాటిలో మిరప ముద్ద. ఎండ కాసిన పూట మూతలు తీయడం, మబ్బు కమ్మకముందే మూయడం అత్తగారైన సునిమ్ గారికి ఒక నోములాంటిది. ఎవరిదో పిల్లి వచ్చి మూతలు దొర్లిస్తోందని అనుమానం వచ్చి, దాన్ని పట్టుకోవడానికి ఆవిడ సంతలో చవగ్గా దొరికిన కెమెరాలు మూడు కొనుక్కొచ్చింది. ఒకటి డాబామీద, ఒకటి గేటు దగ్గర పెట్టించింది. మిగిలినదాన్ని ఊరికే పడేయడమెందుకని వంటింట్లో తగిలించింది.

కొడుకు ఓడలు కట్టేచోట పనిచేస్తాడు, శని ఆదివారాలకే ఇల్లు చేరతాడు. మిగతా రోజుల్లో అత్తాకోడళ్ళిద్దరే. బోరం వెనకగదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక బీమా కంపెనీ ఖాతాదార్లకి ఫోన్లో జవాబులు చెబుతుంటుంది.

ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అత్తగారు చేపముల్లు తీస్తూ, "ఇవాళ డాబామీద కెమెరా నన్ను పలకరించిందే" అంది.

"కెమెరా పలకరించడమేంటత్తయ్యా?"

"'అమ్మమ్మా, అన్నం తిన్నావా' అన్నాడెవడో. తిన్నాన్నాయనా, మరి నువ్వో అన్నాను. నవ్వాడు. యాస మనవైపుది కాదు. పాపం, మర్యాద తెలిసిన కుర్రాడు. మీ ఆయన స్నేహితుడేమో అనుకున్నా."

బోరం చెంచా కింద పెట్టింది. "వంటింట్లోది కూడా మాట్లాడిందా?"

"లేదు. అదెప్పుడూ మూతి ముడుచుకునే ఉంటుంది."

బోరం లేచి వెళ్ళి వంటింటి కెమెరా తీగ పీకేసింది. "పులుసు చల్లారిపోతోంది, కూర్చోవే" అని అత్తగారు అంటూనే ఉంది. బోరానికి ఆ రాత్రంతా అదే ఆలోచన. లోపలి చొక్కాతో కూర్చుని క్యాబేజీ కడిగే అత్తగారిని ఎవడు చూశాడో, నిద్రకళ్ళతో మంచినీళ్ళకి వచ్చే తనని ఎన్నాళ్ళుగా చూస్తున్నాడో. అదొక్కటేనా? తన ఆఫీసు కంప్యూటరు కూడా అదే వైఫైలో ఉంది. అందులో ఎంతమంది రోగాలో, ఎంతమంది ఆపరేషన్లో.

ఇలాంటి పనులు ఆమెకి కొత్త. ఇంటర్నెట్‌లో వెతికి చదివింది, తికమకపడింది, మళ్ళీ చదివింది. కెమెరాలకి పెట్టెమీద అచ్చేసిన పాస్‌వర్డే ఇంకా ఉందని తెలిసి నెత్తి కొట్టుకుంది. దాన్ని మార్చింది. అది చాలదని, విడిగా ఇంకో వైఫై పెట్టి గేటుదీ డాబాదీ అందులోకి తోసేసింది. అక్కణ్ణించి ఇంటర్నెట్‌కి దారి మూసేసింది. వంటింటి కెమెరాని అట్టపెట్టెలో పడేసింది.

మర్నాడు అత్తగారు ఫోను పట్టుకొచ్చింది. "నా జాడీలు కనపట్టంలేదు."

"కెమెరాలో కార్డుంటుందత్తయ్యా. కావాలంటే తీసి చూసుకోవచ్చు."

"అంటే పిల్లి వచ్చిపోయాక చూడాలన్నమాట. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు."

"అలా అనకండి. మళ్ళీ ఎవడో వచ్చి అన్నం తిన్నావా అంటే?"

"తిన్నానని చెప్తా" అని విసురుగా వెళ్ళిపోయింది గాని, ఆ వారమంతా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాతి మంగళవారం ఎండ ఫెళ్ళున కాస్తోంది. అత్తగారు మూతలన్నీ తీసి, స్నేహితురాలు ఓక్‌జాతో కలిసి ఈతకొలనులో వ్యాయామానికి వెళ్ళింది. ఇదివరకైతే అక్కణ్ణించే ఫోన్లో డాబా చూసుకుంటూ, మబ్బు కనబడగానే కోడల్ని కేకేసేది. ఇప్పుడు ఆ వీలు లేదు. సముద్రం మీంచి వాన చెప్పాపెట్టకుండా వచ్చిపడింది. అత్తగారు ఫోను చేస్తూనే ఉంది. బోరం హెడ్‌ఫోన్లలో ఒక ముసలాయన విరిగిన మోకాలి కథ వింటోంది. ఆయన ఫోను పెట్టేశాక కిటికీవైపు చూసి, మేజోళ్ళతోనే మేడమెట్లెక్కి పరిగెత్తింది. ఒక్కో మూతా మూస్తూ ఉండగానే, ఈతటోపీ ఇంకా తలమీదే పెట్టుకుని అత్తగారు రొప్పుతూ వచ్చింది.

అన్నిటికంటే పెద్ద జాడీలోని సోయా రసంలో వాననీళ్ళు పడ్డాయి. అత్తగారు వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. "మరిగిస్తే ఇప్పటికిప్పుడు వంటకి పనికొస్తుంది. నిలవకి పనికిరాదు."

"నా తప్పేనత్తయ్యా."

"వాన నువ్వు తెచ్చావా ఏంటి? ఇటు రా, తడిసిపోతున్నావు."

ఇద్దరూ మెట్లగది రేకు కింద కూర్చున్నారు. తిట్టి ఉంటే బోరానికి కొంత తేలిగ్గా ఉండేది.

"ఇంతకీ ఏం చేశావో నాకర్థమయ్యేట్టు చెప్పు" అంది అత్తగారు.

"ఇన్నాళ్ళూ అన్నీ ఒకే గదిలో ఉన్నట్టు లెక్క. మీ ఫోను, నా కంప్యూటరు, టీవీ, కెమెరాలు. కెమెరాలోంచి ఎవడైనా దూరితే మిగతావన్నీ తడిమి చూడొచ్చు. అందుకని వాటిని వేరే గదిలో పెట్టి తలుపేశాను. అవి మనతో మాట్లాడలేవు, వీధిలోకీ పోలేవు."

అత్తగారు ఈతటోపీ తీసి నీళ్ళు పిండింది. "నన్నూ అలాగే పెట్టారు, ఈ ఇంటికొచ్చిన కొత్తలో. అన్నీ చూస్తుండాలి, నోరెత్తకూడదు. గేటు దాటకూడదు. మా అత్త పిలిస్తేనే పలకాలి. పిలవకపోతే గోడలా నిలబడాలి."

"మరి ఎవరితో మాట్లాడేవారు?"

"ఇదిగో, వీటితో" అని జాడీలవైపు చూపించింది.

బోరం అత్తగారి ఈతసంచిలోంచి తువ్వాలు లాగింది. దాంతో అత్తగారి తల తుడిచింది. ఆవిడ కళ్ళు మూసుకుని తుడిపించుకుంది.

రాత్రి పక్కమీద పడుకున్నా బోరం చెవిలో ఆ మాటే తిరుగుతోంది. పిలిస్తేనే పలకాలి. తలుపు రెండువైపులా మూయాలని ఎవరన్నారు? మర్నాడు వెళ్ళి, పాతదానికంటే మంచి వైఫై పెట్టె కొనుక్కొచ్చింది. ఇటునుంచి కెమెరాని పిలవచ్చు, అది జవాబివ్వచ్చు. అటునుంచి తనంతట తానుగా ఇంట్లో దేన్నీ పిలవకూడదు, వీధిలోకీ పోకూడదు. పాత ల్యాప్‌టాప్‌ని కెమెరాల వైఫైలో పెట్టి, తన కంప్యూటరుని పిలిచి చూసింది. ఉలుకూ పలుకూ లేదు. ఫోన్లోంచి డాబాని పిలిస్తే మాత్రం జాడీలు ప్రత్యక్షమయ్యాయి.

"నేను బయటున్నప్పుడో?" అంది అత్తగారు.

"ముందు మీ ఫోను తాళం తీసుకుని మనింట్లోకి వస్తుంది. వచ్చాక ఇక్కణ్ణించే పిలుస్తుంది. ఆ తాళంచెవి మీదగ్గరా నాదగ్గరా ఉంటుంది, అంతే."

"మరి మావాడికో?"

"బుద్ధిగా అడిగితే ఆలోచిద్దాం."

అత్తగారు పడీపడీ నవ్వింది. "పోన్లే. మా అత్త పద్ధతి ఇన్నాళ్ళకి ఒక వస్తువుకైనా పనికొచ్చింది."

ఆదివారం ఆవిడ కోడల్ని వెంటబెట్టుకుని ఓక్‌జా ఇంటికి వెళ్ళింది. అదే సంతలో ఓక్‌జా కూడా కెమెరాలు కొనుక్కుంది మరి.

"ఈ పిల్లకి ఇవన్నీ వచ్చా?" అని ఓక్‌జా సందేహంగా అడిగింది.

"మా ఇంట్లో చేసిపెట్టింది. నువ్వు మధ్యలో మాట్లాడకు, మా కోడలికి చిరాకు" అంది అత్తగారు దర్జాగా.

బోరం టీవీ బల్ల కిందికి దూరి, దుమ్ము పట్టిన తీగలు రెండు చేతులా పట్టుకుని వెతుకుతోంది. అత్తగారు పక్కనే నేలమీద చతికిలబడి, బేరిపండు చెక్కు తీసి, ముక్క కోసి ఆమె మొహం దగ్గర పెట్టింది.

"నోరు తెరు."

"చేతులు ఖాళీ లేవత్తయ్యా, తర్వాత తింటా."

"చేతులెవరడిగారు? నోరు తెరు."

బోరం నోరు తెరిచింది.