గుట్ట మీది డిష్‌కు రెండో మనిషి

తమ్ముడి సంచిలో చొక్కాలు మడిచి పెడుతున్నాను. వాడు వచ్చి, అడుగున ఉన్న ఇనుప పిడిని బయటికి లాగి నా ఒళ్ళో పెట్టాడు. మూరెడు పొడుగు, ఒక చివర వంకీ, ఇంకో చివర పళ్ళు.

"ఓడలో దీంతో పనేముందక్కా. ఇక్కడే ఉండనీ."

"బరువనా?"

"దీనికోసమైనా తిరిగి రావాలిగా."

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. గడప దాటేవాళ్ళందరూ ఏదో ఒకటి అనే దాటుతారు. ఆ మాటలు నమ్మడానికి ఒక వయసుండాలి, నాకది దాటిపోయింది.

తమ్ముడు ఉపగ్రహ కేంద్రంలో మెకానిక్. ఊరి చివర గుట్ట మీద పెద్ద డిష్ ఉండేది. ఫోను మాటలూ టీవీ బొమ్మలూ ఆకాశం నుంచి దానిలోకే దిగేవి. ఈదురుగాలి లేస్తే దాన్ని వెల్లకిలా తిప్పెయ్యాలి, లేకపోతే గాలి పట్టి విరిచేస్తుంది. తిప్పడానికి మోటారు ఉంది. కరెంటు పోతే మాత్రం ఈ పిడి దూర్చి చేత్తో తిప్పాలి. డిష్ మా మేడ మీదికి కనబడేది. అది వెల్లకిలా పడిందంటే నేను ఆరేసిన బట్టలు తీసేదాన్ని.

ఒకప్పుడు గుట్ట మీద మూడు షిఫ్టుల జనం. తర్వాత ఎక్కడో దూరాన ఒక గదిలో కూర్చుని అన్ని ఊళ్ళ డిష్‌లనూ నడపడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు. చివరికి తమ్ముడూ, గొడుగూ మిగిలారు. గొడుగంటే తోటి మెకానిక్. జీవితమంతా డిష్ నీడలోనే గడిపాడని అందరూ అలా పిలిచేవారు. ఇద్దరిలో ఒకరు చాలని పైనుంచి మాట వచ్చింది. గొడుగు భార్య మంచం దిగలేని మనిషి. తమ్ముడికి పెళ్ళి లేదు. కాబట్టి ఓడల మీద చిన్న డిష్‌లు బిగించే కాంట్రాక్టు పనికి తమ్ముడే ఒప్పుకున్నాడు. గుట్ట మీద రెండో మనిషి అవసరమని తేలితే వెనక్కి పిలుస్తామని ఆఫీసరు మాటిచ్చాడు.

వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. కరెంటు పోయింది. మేడ మీదికి వెళ్ళి చూస్తే డిష్ ఇంకా పక్కకే చూస్తోంది. అంతలో గొడుగు తడిసి ముద్దయి వచ్చాడు.

"అక్కగారూ, తమ్ముడి పిడి ఇవ్వండి. నా పిడికి నాలాగే పళ్ళరిగిపోయాయి, జారిపోతోంది."

"ఒక్కడివే తిప్పగలవా?"

"ఒకరు బ్రేకు నొక్కి పట్టాలి. మీరు తప్ప ఎవరున్నారు చెప్పండి."

వెళ్ళాను. వాడు తిప్పాడు, నేను బ్రేకు కడ్డీ మీద ఒళ్ళంతా వేసి పట్టుకున్నాను. డిష్ మూలుగుతూ వెల్లకిలా వాలింది.

"మిమ్మల్ని షిఫ్టులో వేసుకుంటే సరిపోయేది," అన్నాడు ఆయాసపడుతూ.

చేత్తో చేసిన ప్రతి పనీ దూరపు గదికి చెప్పడం వాళ్ళ పద్ధతి. కరెంటు వచ్చాక గొడుగు ఉన్నదున్నట్టు చెప్పాడు: కరెంటు లేదు, ఒక్కడి వల్ల కాలేదు, రెండో మనిషి ఉండి తీరాలి. ఇంతకంటే రుజువేం కావాలి? నేను తమ్ముడికి ఫోన్ చేశాను.

"సంచి సర్దుకోరా."

"విప్పితే కదక్కా సర్దడానికి. బట్టలన్నీ దాన్లోంచే తీసి కట్టుకుంటున్నా."

వాడి గది దులిపాను. పక్క ఎండలో వేశాను. పిడికి నూనె రాసి వాడి బల్ల మీద పెట్టాను.

నెల తిరగకుండా గుట్ట మీదికి లారీ ఎక్కింది. దాన్లోంచి మనిషి దిగలేదు. గదంత బ్యాటరీ దిగింది. కరెంటు పోయినా ఇక డిష్ దానంతట అదే వాలుతుంది. చేతిపని ఇబ్బందిగా ఉందని చెప్పినందుకు ఆఫీసరు గొడుగుకు ధన్యవాదాలు చెప్పి, అతన్ని కూడా పని మానుకోమన్నాడు.

"ఏదోలా వాల్చేశానని ఊరుకుంటే పోయేది," అన్నాడు గొడుగు మా అరుగు మీద కూర్చుని. "నోరుంది కదా అని మొత్తం చెప్పాను."

"ఉన్నదే చెప్పావుగా, నాయనా."

"అదేనక్కగారూ."

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని, "మంచి బ్యాటరీయేనా?" అని అడిగాడు. ఆ వారమే ఇంకో ఓడకు సంతకం పెట్టాడు.

గొడుగు ఇప్పటికీ వచ్చి పోతుంటాడు. తమ్ముడు రాలేదు. మరుసటి ఏడు వానలు వెనకబట్టాక, మూడో ఓడ మీద జ్వరంతో పోయాడు.