పాడె మీద ఏసుపాదం

ఏసుపాదం చచ్చిపోయాడని చెప్తే నర్సీపట్నంలో ముందు నవ్వుతారు, తర్వాత నమ్ముతారు. అలాంటి మనిషి. అబీద్ సెంటర్‌కి కాస్త ఇవతల పంచర్ షాపు అతనిది. బండి తోసుకుంటూ చెమటలు కక్కుతూ వచ్చినవాడిని "ఏటండీ, బండిని షికారుకి తిప్పుతన్నారేటి?" అని పలకరిస్తాడు. కొత్త పెళ్లికొడుకెవరైనా వస్తే ట్యూబుని నీళ్లలో ముంచి, బుడగలు చూసి, "కడుపుతో ఉన్నాదండీ, మూడో నెల" అంటాడు. జనం తిట్టుకుంటూనే మళ్లీ అతని దగ్గరికే వస్తారు.

అంతటివాడూ ఒక్క ఫుట్‌బాల్ దగ్గర మాత్రం ఎకసెక్కాలాడడు. చిన్నప్పుడు మిషన్ కాంపౌండులో చర్చి గోడనే గోలు చేసుకుని ఆడినవాడు. ఏడో తరగతితో బడి మానేశాడు గానీ బంతి మానలేదు. అక్క రత్నమణి కూతురు జెన్నీ నడక నేర్చిన దగ్గర్నుంచి దాని మీదికి ఏదో ఒకటి విసురుతూనే ఉండేవాడు. జీడిమామిడి పండు, తడిగుడ్డ, చుట్ట చుట్టిన సైకిల్ ట్యూబు. ఆ పిల్ల పట్టుకునేది. పట్టుకుని పట్టుకుని పద్దెనిమిదేళ్లకి రాష్ట్రం టీములో గోల్‌కీపరైంది. దేశం జట్టు శిక్షణ క్యాంపుకి రమ్మని పిలుపు కూడా వచ్చింది.

పిలుపైతే వచ్చింది, తేదీ రాలేదు. వేసవి వెళ్లాక అన్నారు. దసరా వెళ్లాక అన్నారు. ఈలోగా పాత కోచ్ వెళ్లిపోయాడు, కొత్తాయన వచ్చాక చెప్తామన్నారు. కొత్తాయన వచ్చి, పెట్టె విప్పకుండానే ఆయనా వెళ్లిపోయాడు. ఢిల్లీలో ఫుట్‌బాల్ ఫెడరేషన్ పెద్దలు కుర్చీల కోసం ఒకరి కాలు ఒకరు లాక్కుంటున్నారు. ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు.

అలా ఉండగా ఒక సాయంత్రం మన మగాళ్ల జట్టు, పటం మీద వేలు పెడితే కనబడకుండా పోయేంత చిన్న దేశం చేతిలో ఓడిపోయింది. సెల్‌ఫోన్‌ని గాలిపంపుకి ఆనించి షాపులోనే చూశారు ముగ్గురూ. ఏసుపాదం, జెన్నీ, చెరుకు రైతు అప్పలకొండ.

"ఆ కోచ్‌ని మా సెరుకుతోటకి కాపలా ఎడితే, నక్కలొచ్చి ఆడి సేతే గెడలు ఇరిపించుకుని తింటాయి" అన్నాడు అప్పలకొండ.

"కోచ్‌ననీసి ఏటి లాభంరా? తెచ్చి ఎట్టినోల్లని అనాల" అన్నాడు ఏసుపాదం.

జెన్నీ పాత టైర్ల మీద నుంచి లేచింది. "మావయ్యా, నాను బట్టల కొట్లో పనికి ఒప్పుకున్నాను. సోమారం నుంచి రమ్మన్నారు."

"ఎకసెక్కమేటే గుంటా?"

"అది నీ పని గానీ నా పని కాదు."

"మరి క్యాంపో?"

"ఏ క్యాంపు? ఎవలికి పట్టింది మావయ్యా మన గోడు? ఇక్కడ ముగ్గురం కూకోని ఏడుస్తన్నాం. నాలుగో మనిసిని సూపించు, కొట్టుకి రానని సెప్పేస్తాను."

"నాలుగోవోడేటే, ఊరూరంతా సూపిస్తాను. అప్పుడు మాట తప్పవు గదా?"

"తప్పను" అంది జెన్నీ. ఆ కళ్లలో తడి లేదు. దానికే ఏసుపాదానికి భయమేసింది. ఏడిస్తే నవ్వించగలడు, ఏడవని పిల్లని ఏం చెయ్యగలడు?

రాత్రంతా ఆలోచించి పొద్దున్నకి ఉపాయం పన్నాడు. భారత ఫుట్‌బాల్‌కి శవయాత్ర. పార్టీలవాళ్లు గడ్డిబొమ్మని మోస్తారు, తను అయితే ప్రాణమున్న శవం. డప్పులతో సెంటర్‌కి తీసుకొచ్చాక జెన్నీ విజిల్ ఊదుతుంది, ఏసుపాదం పాడె మీద దిగ్గున లేచి కూర్చుంటాడు, బంతిని కాలితో ఆకాశానికి తంతాడు. ఊరు గొల్లున నవ్వుతుంది. ఫోన్లలో తీస్తారు. ఢిల్లీ దాకా పోతుంది.

ఆ ఉపాయం విని రత్నమణి పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది. "ఒరే, మనకి సవపెట్టె గదరా, పాడేటి? బతికున్నోడివి ముక్కులో దూదెట్టుకుంతావా? ప్రభువు సూస్తన్నాడు."

"సూడనీ అక్కా. ఆయన గూడా లేసినోడే గదా."

రత్నమణి గరిటె విసిరింది. అది తమ్ముడి తలకి తగలకముందే జెన్నీ గాల్లో పట్టుకుంది. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో అంతగా నవ్వడం మళ్లీ జరగలేదు.

శనివారం పొద్దున్న బయల్దేరారు. వెదురు పాడె, తెల్లగుడ్డ, బంతిపూలు, ముందు ఇద్దరు డప్పులవాళ్లు, వెనక అప్పలకొండ తీసుకొచ్చిన కూలీలు. "భారత ఫుట్‌బాల్ అంతిమయాత్ర, ఫెడరేషన్ పెద్దలకు జోహార్లు" అని పెద్ద ఫ్లెక్సీ. పక్కన జెన్నీ, మెళ్లో విజిలు, చంకలో బంతి, నడుముకి కీపరు గ్లౌజులు. కళ్లు మూసుకుని, ముక్కులో దూది పెట్టుకుని, ఏసుపాదం ఊగుతూ పోతున్నాడు. హాయిగానే ఉంది.

సెంటర్ మలుపులో పాడె ఆగింది.

"ఫ్లెక్సీకి పర్మిషనుందా?" కానిస్టేబుల్ గొంతు.

"లేదండీ, ఇది మరి..." అప్పలకొండ నసిగాడు.

"తియ్యండి. ఫ్లెక్సీలు కట్టొద్దని పైనించి ఆర్డరు." ఫ్లెక్సీ చుట్టేస్తున్న చప్పుడైంది. తర్వాత ఆ గొంతే మెత్తబడింది. "సచ్చిపోయినోడికి పర్మిషనక్కర్లేదులెండి. బేగి తీస్కెల్లిపోండి బాబూ, ట్రాఫిక్ ఆగిపోతాది."

నవ్వు తన్నుకొచ్చింది ఏసుపాదానికి. ముక్కులో దూది ఉండబట్టి సరిపోయింది. ఫ్లెక్సీ పోతే ఇంక మిగిలింది ఉత్త శవమేనన్న సంగతి అతనికి ఇంకా తట్టలేదు.

డప్పులవాళ్లు అసలు సిసలు చావు డప్పు కొట్టేవాళ్లు. సెంటర్లోకి రాగానే జోరు ఇంకా పెంచారు. అప్పలకొండ నినాదాలిస్తున్నాడు. ఆ మోతలో నినాదాలు కూడా ఏడుపుల్లాగే వినబడుతున్నాయి. ఒకటొకటిగా షాపుల షట్టర్లు సగానికి దిగుతున్నాయి. చోడవరం బస్సు ఇంజను ఆపేశాడు డ్రైవరు. మూసిన కళ్ల మీద ఎండ, చెవుల నిండా ఊరు.

"ఎవలు బాబూ పోయింది?" ముసలమ్మ గొంతు.

"ఫుట్‌బాలు మామ్మా, మన ఫుట్‌బాలు!" అప్పలకొండ బొంగురుగా అరిచాడు.

"పాపం, పిల్లలున్నారా?"

ఇంకోపక్క ఎవరో కుర్రాడు. "ఇండియా ఓడిపోయిందని నిరసనంటరా."

"ఎక్కడోడింది? నిన్నే గదా గెలిసేం, సెంచరీ గూడా కొట్టేడు!"

"కిరికెట్టు కాదు, ఫుట్‌బాలంట."

"ఇండియాకి అది గూడా ఉన్నదేటి?"

ఆ మాటలో వెటకారం లేదు. వెటకారమైతే ఏసుపాదం జన్మంతా చేసినవాడు, గుర్తుపట్టేవాడు. ఆ కుర్రాడు నిజంగానే అడుగుతున్నాడు. తిట్టడానికైనా తెలిసుండాలి కదా. ఇక్కడ కోచ్ ఎవడో తెలీదు, ఫెడరేషనంటే తెలీదు, ఓడిందీ తెలీదు.

అంతలో ఒకావిడ కెవ్వుమంది. "ఓలమ్మో, పంచరు ఏసుపాదం గదే! మొన్న నన్ను నవ్వించి సంపేసినాడే!" ఆవిడ ఏడుపు విని ఇంకొకావిడ అందుకుంది. మొహం మీద మరమరాలు పడ్డాయి, పూలు పడ్డాయి. ఎవరిదో చెయ్యి అతని పాదాలు ముట్టుకుంది.

పాడె సెంటర్ నడిబొడ్డున ఆగింది. విజిల్ పడాలి.

చెవి పక్కనే జెన్నీ ఊపిరి వినబడింది. విజిల్లో గింజ గలగలమంది. పెదాల దాకా తీసుకెళ్లింది కాబోలు. ఏసుపాదం నడుం బిగించాడు. గింజ మళ్లీ గలగలమని ఆగిపోయింది.

ఛాతీ మీద మెత్తగా ఏదో పడింది. మట్టి, చెమట, రబ్బరు కలిసిన వాసన. గ్లౌజులు.

"నాలుగోవోడు లేడు మావయ్యా" అంది జెన్నీ, అతనికొక్కడికే వినబడేలా. చెప్పుల చప్పుడు దూరమైంది.

విజిల్ లేకపోతేనేం, లేచి కూర్చోవచ్చు. జనం కెవ్వుమంటారు, పడీపడీ నవ్వుతారు. ఏసుపాదం భలే పని చేసేడ్రా అని నెలంతా చెప్పుకుంటారు. చెప్పుకునేది ఏసుపాదం గురించే. బంతి గురించి ఒక్కడంటే ఒక్కడు మాట్లాడడు. ఆ పిల్ల చేతిలో మిగిలేది మావయ్య ఆడిన ఇంకో ఎకసెక్కం. జన్మలో మొదటిసారి అతనికి నవ్వించాలనిపించలేదు. పడుకునే ఉన్నాడు.

విజిల్ కోసం చూసి చూసి మోసేవాళ్లు కదిలారు. డప్పులవాళ్లకి తెలిసిన దారి ఒక్కటే. శ్మశానం దాకా పోయారు. ఏడ్చిన జనం సెంటర్లోనే ఉండిపోయారు.

అక్కడ పాడె దిగి నిలబడ్డ శవాన్ని చూసి కాటికాపరి సింగన్న బెదరలేదు, విసుక్కున్నాడు. "మీ ఆటలకి ఇదే దొరికినాదేటండీ? సరే, పాడె ఇక్కడే తగలెట్టండి. ఈ సోటుకొచ్చినదేదీ ఎనక్కి ఎల్లకూడదు."

పాడె అంటుకుంది. "ఆ సేతిలోయేటి?" అన్నాడు సింగన్న.

"ఏటీ లేదు." ఏసుపాదం గ్లౌజుల్ని చొక్కా లోపలికి దోపుకున్నాడు.

తిరిగొస్తుంటే అప్పలకొండ భుజం పట్టి కుదిపాడు. "ఏదోటి అనరా. తిట్టు. నువ్వు మాటాడకపోతే నాకు బయంగా ఉన్నాది." ఏసుపాదం ముక్కులో దూది తీసి పారేశాడు.

మంగళవారం మధ్యాహ్నం షాపు మూసి బట్టల కొట్టుకి వెళ్లాడు. గ్లౌజుల్ని సబ్బుతో ఉతికి ఆరేసి, కవర్లో పెట్టి తెచ్చాడు. క్యాంపు తేదీ వచ్చిందని అబద్ధం చెబుదామా అని దారంతా అనుకున్నాడు. అతని అబద్ధాల్ని ఆ పిల్ల ఎప్పుడూ నమ్మలేదు.

కొట్టు నిండా ఆడవాళ్లు. జెన్నీ చీరలు పరిచే పరుపు ముందు నిలబడి మడతలు విప్పి చూపిస్తోంది. పైన అటక మీద నుంచి ఎవరో "ఇదిగో!" అని అరిచారు. చీరల కట్ట గాల్లోకి వచ్చింది, కాస్త పక్కకి. జెన్నీ తలెత్తి చూసింది లేదు. ఒక్క అడుగు పక్కకి వేసింది, రెండు చేతులూ చాపింది, కట్టని గుండెకి హత్తుకుని దాని మీదికి వంగింది. జారిపోకుండా, అచ్చం అతను నేర్పినట్టే.

"బలే పట్టేసినావే అమ్మా!" అంది ఒకావిడ.

"అందుకే గదండీ ఎట్టుకున్నాం" అన్నాడు ఓనరు.

జెన్నీ అప్పుడు చూసింది మావయ్యని. "రండి" అంది. ఓనరు వింటున్నాడని కాబోలు. "ఏటి సూపించమంటారు?"

ఏసుపాదం గ్లౌజుల కవరు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీ అమ్మకి ఓ జాకెట్టు గుడ్డ."

"ఏ రంగుదండీ?"

ఏదో రంగు చెప్పాడు. పైనుంచి ఇంకో కట్ట పడింది. జెన్నీ పట్టుకుంది.