అయ్యగారు చెప్పారా?

పంతొమ్మిది వందల డెబ్బై ఏడు, నవంబరు పంతొమ్మిది, శనివారం. ఆ మధ్యాహ్నం దీనమ్మ గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండింది. ఆమె భర్త జీవరత్నంగారు పాలెం సంఘానికి పాస్టరు. ఆయన మారు వడ్డించుకుని తిని, మరునాటి ప్రసంగం రాసుకోవడానికి గదిలోకి వెళ్ళారు. ఆ వేళప్పుడు ఆయన్ని పలకరించకూడదు. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో అదొక ఆజ్ఞ.

ఆమె ఎంగిలి ఎత్తుతుండగా, బందరు నుంచి చీరలమూటతో వచ్చే మౌలాలి తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు.

"రేవులో పెద్ద నంబరు తుపాను జెండా ఎక్కించారంటమ్మా. సముద్రం ఊళ్ళమీదికొస్తుందంటున్నారు. మేడ మీదుంటేనే బతుకంట. పాలెంలో వాళ్ళకి చెప్పండి."

ఆ చుట్టుపక్కల మేడంటే అయ్యగారి బంగళా ఒక్కటే. దీనమ్మ ఆయన గది తలుపు తట్టి, పాలెం వాళ్ళని పిలుద్దామంది.

"గాలి కొట్టినప్పుడల్లా మేడెక్కిస్తే ఇది ఇల్లా, సత్రమా? పోయినేడు బురదకాళ్ళతో తొక్కిందంతా ఎవరు కడిగారు?" అన్నారాయన, రాస్తున్న కలం ఆపకుండా.

కడిగింది దీనమ్మే. గోనెసంచి నెత్తిన కప్పుకుని పాలేనికి తనే వెళ్ళింది. చిట్టెమ్మ తన పిల్లలిద్దరికీ అన్నం కలిపి పెడుతోంది. చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు.

"మా మేడ మీదికి రండే. సముద్రం వస్తుందంట."

చిట్టెమ్మ తలెత్తింది. "అయ్యగారు చెప్పారా అమ్మగారూ?"

పోయినేడు మేడెక్కినందుకు ఆయన వాళ్ళని గుళ్ళో నిలబెట్టి చీవాట్లు పెట్టారు. అప్పటినుంచీ ఆయన మాట లేనిదే ఎవరూ ఆ మెట్లెక్కరు. అవునంటే సరిపోయేది. కానీ ఆ అబద్ధం దీనమ్మ నోటికి రాలేదు.

"లేదు. నేనే చెబుతున్నా."

"అయితే వద్దులెండి. మా మూలంగా మళ్ళీ మీకు మాటొస్తుంది," అంది చిట్టెమ్మ, ఆప్యాయంగానే.

చీకటి పడేలోగా సముద్రం వచ్చింది. తాడిచెట్టు పట్టుకుని చిట్టెమ్మ మిగిలింది. పిల్లలు మిగల్లేదు.

మరుసటేడు అదే తేదీ ఆదివారం పడింది. అది స్త్రీల ఆదివారం. ఏడాదికి ఆ ఒక్కరోజే గుళ్ళో ఆడమనిషి వాక్యం చెబుతుంది. చెప్పడమంటే, అయ్యగారు రాసిచ్చింది అమ్మగారు చదవడం. ఈసారి ఆయన బైబిల్లోని హుల్దా ప్రవక్త్రిని గురించి రాశారు. మధ్యలో ఒకచోట ఇలా ఉంది: "దేవుడు హెచ్చరించాడు. పాలెం వినలేదు. అవిధేయతకు ఫలం మనం చూశాం."

"ఇదొక్కటీ తీసేద్దామండీ. చిట్టెమ్మ ముందే కూర్చుంటుంది."

"హుల్దా దేవుడి మాటలో ఒక్క ముక్క తీసిందా? ఇచ్చింది ఇచ్చినట్టు చెప్పింది. అందుకే ఆమె పేరు నిలిచింది. నీ పనల్లా చదవడమే."

ఆయన తెల్లంగీకి గంజి పెడుతూ దీనమ్మ ఆలోచించింది. హుల్దా మొగుడు షల్లూము కూడా బట్టలు చూసేవాడేనట, రాజుగారి బట్టలు. ఆమె పేరుతో పాటు ఆయన పేరూ రాశారు, ఆయన తండ్రి పేరూ రాశారు. రాయనీ. దేవుడి మాట అడిగి రమ్మని రాజు పంపిన పెద్దలు ఐదుగురు వెతుక్కుంటూ ఆమె ఇంటికే వచ్చారు. ఆమె చెప్పింది చేదు మాటే. దేశం పాడైపోతుందని చెప్పింది. విన్నారు, వెళ్ళి రాజుకి చెప్పారు. షల్లూము చెప్పాడా అని ఒక్కరూ అడగలేదు. తను బందరులో టీచరు ట్రైనింగు పాసైంది. అయ్యగారి భార్యకి ఉద్యోగమేమిటని మామగారంటే మానేసింది. గుడి ఊడ్చింది, ప్రభు భోజన సంస్కారం గిన్నెలు తోమింది, పిల్లలకి పాటలు నేర్పింది. ఇన్నేళ్ళలో తన నోట సొంతమాట ఒక్కటే పాలేనికి వెళ్ళింది. దానికి విలువ లేకపోయింది. ఇప్పుడు అయ్యగారి మాట తన నోటితో చెబితే, చచ్చిపోయిన పిల్లల మీద తప్పు పడుతుంది.

ఆదివారం గుళ్ళో ఆ వాక్యం దాకా చదివి ఆగింది. కాగితం బల్ల మీద పెట్టింది.

"పాలెం వినలేదన్న మాట అబద్ధం. నేనొచ్చి చెప్పాను. అయ్యగారు చెప్పారా అని అడిగారు. లేదన్నాను. నాకు మాటొస్తుందని రాలేదు. వాళ్ళ పాపం అదే."

సంఘపెద్ద బాలస్వామి గొంతు సవరించుకుని కానుకల పాట ఎత్తుకున్నాడు. పాట మధ్యలో చిట్టెమ్మ లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి దీనమ్మ ముందు పెట్టి వెళ్ళి కూర్చుంది.

బయట చెప్పుల దగ్గర మాత్రం అంది: "మీరు చెప్పారని నేనెప్పుడు మర్చిపోయానమ్మా? ఇవాళ అందరూ విన్నారు. అయితే ఏం? మళ్ళీ వస్తే మేడెక్కించుకోడానికి నాకెవరున్నారు?"



పొద్దుగూకాక జీవరత్నంగారు పీట మీద కూర్చున్నారు. ఆమె వడ్డించింది. "వచ్చే ఏటినుంచి స్త్రీల ఆదివారం వద్దన్నారు పెద్దలు," అన్నారు. ఆమె మజ్జిగ పోసింది. ఆయన చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు.

"నిజంగా అట్టాగే అడిగారా? నేను చెప్పానా అని?"

"అదే అడిగారండీ. ఇంకేమీ అడగలేదు."

ఆయన ముద్ద ఎత్తలేదు. లేచి చెయ్యి కడుక్కున్నారు. ఆమె వంక చూడకుండా గదిలోకి వెళ్ళి, చప్పుడు కానీయకుండా తలుపు వేసుకున్నారు.