సిపాయి అన్నంలో పత్తిగింజలు

చెంచయ్య కుక్క సిపాయికి మలబద్ధకం పట్టుకుంది. ఈ మాటకి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, మిర్చి కల్లంలో కూలీలందరూ నవ్వారు కూడా. కానీ ఆ ముసలి కుక్క పొద్దున్నే గట్టు మీదికెళ్లి, నడుం వంచి, వెనక కాళ్లు వణుకుతుంటే కూర్చుని కూర్చుని, ఏమీ కాక, తల దించుకుని తిరిగొస్తుంటే చూసి నవ్వడం మాత్రం చెంచయ్య వల్ల కాలేదు. ఏళ్ల తరబడి ఆ కల్లానికి కాపలా కాసింది అదే. ఎండబోసిన కాయల మీదికి పందిని రానివ్వలేదు, దొంగని రానివ్వలేదు. సరుకు చూడ్డానికొచ్చిన బేరగాళ్లని కూడా చెంచయ్య చెబితే గానీ కాయలు పరిచిన పట్టా మీద కాలు పెట్టనిచ్చేది కాదు.

దానికి ఇంకో గుణం ఉంది. గిన్నెలో ఏం పెట్టినా ముందు వాసన చూసి, తలెత్తి చెంచయ్య మొహంలోకి చూస్తుంది. ఆయన "తినరా" అంటేనే మూతి పెడుతుంది. కూనగా ఉన్నప్పుడు ఆయనే అలా నేర్పాడు. చుట్టూ పత్తి, మిర్చి. ఎటు చూసినా పురుగుమందు డబ్బాలే. కనపడ్డదల్లా తినే కుక్క ఈ పొలాల్లో బతికి బట్టకట్టదని ఆయన భయం.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ నాజియా దాని పొట్ట నొక్కి చూసింది. "వయసైపోయింది కదండీ, పేగులు నెమ్మదిస్తాయి. తిండిలో పీచు చాలట్లేదు. గుమ్మడికాయ ముక్కలు ఉప్పూ కారం వెయ్యకుండా మెత్తగా ఉడకబెట్టి, రెండు చెంచాలు అన్నంలో కలిపి పెట్టండి. మెల్లగా పెంచుదురుగాని. నీళ్లు బాగా తాగనివ్వండి. మీ పచ్చడి మెతుకులు మాత్రం మానెయ్యండి చెంచయ్యగారూ" అంది.

చెంచయ్య బుద్ధిగా తలూపాడు. డాక్టరు మాట మీద ఆయనకి గౌరవం లేదని కాదు, తన మాట మీద ఇంకాస్త ఎక్కువ ఉంది, అంతే. ఇంటికొచ్చే దారిలోనే బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది. కోతల రోజులాయె. కూలీలకి వండి వార్చేసరికే పెళ్లాం గురవమ్మకి ఊపిరాడట్లేదు. ఇప్పుడు కుక్కగారి కోసం వేరే గిన్నె, వేరే పొయ్యి అంటే ఆవిడ గరిటె తిరగేస్తుంది. అయినా గేదె కోసం రోజూ పత్తిగింజలు నానబెట్టి రుబ్బుతూనే ఉన్నారు కదా. పాలు చిక్కబడతాయని వాళ్ల నాన్న రోజుల నుంచీ ఆ ఇంట్లో ఉన్న అలవాటే. ఆ ముద్ద నిండా పొట్టే, పీచే. డాక్టరమ్మ అడిగింది పీచేగా, అది గుమ్మడికాయలోదైతే ఏంటి, గింజలోదైతే ఏంటి? గేదె ఒక్కనాడైనా అరగలేదని మూలిగిందా?

మర్నాడు పొద్దున గేదె తొట్లోంచి గుప్పెడు ముద్ద తీసి అన్నంలో కలిపి సిపాయి ముందు పెట్టాడు. సిపాయి వాసన చూసింది. మూతి పక్కకి తిప్పుకుంది. మళ్లీ వాసన చూసి, ఈసారి కాస్త ఎక్కువసేపే ఆయన మొహంలోకి చూసింది.

"తినరా. మంచిదేలే" అన్నాడు చెంచయ్య. తిన్నది.

చెప్పొద్దూ, పని చేసింది. నాలుగు రోజులు తిరిగేసరికి సిపాయి గట్టు మీద ఇట్టే పని ముగించుకుని తోకూపుకుంటూ వచ్చింది. చెంచయ్యని పట్టడానికి పగ్గాల్లేవు. కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల దగ్గర నిలబడి, "డాక్టరు చెప్పిందాన్ని కొంచెం సవరించాలే" అన్నాడు మీసం మీద చెయ్యేసి. ఏం పెట్టావు మావా అని వాళ్లడిగితే, "అదంతా మీకెందుకు" అన్నాడు. గురవమ్మ అడిగినా అదే మాట. గుప్పెడు పెడితేనే ఇంత గుణం ఉంటే రెండు గుప్పెళ్లకి ఎంత ఉంటుందోనని రెండు పెట్టాడు. తర్వాత కొలత కూడా మానేశాడు.

కోతలు అయిపోవస్తుండగా సిపాయి డీలాపడింది. నాలుగడుగులేస్తే ఆయాసం. అన్నం చూస్తే మొహం తిప్పుకోవడం. చెంచయ్య "తినరా" అంటే మాత్రం, ఆయన మాట తీసెయ్యలేనట్టు రెండు మెతుకులు నాకేది. అది ఆ ముద్ద వల్లేనేమోనని ఆయనకి అప్పుడే అనుమానం తగిలింది. ముద్ద కలపడం మానేశాడు. ఎవరికీ చెప్పకుండా, ఎలా మొదలుపెట్టాడో అలాగే మానేశాడు. ఇవాళో రేపో తేరుకుంటుందిలే అని తనకి తనే చెప్పుకున్నాడు. తేరుకోలేదు. పొట్ట ఉబ్బింది. ఒకరోజు పొద్దున నీళ్ల తొట్టి దాకా నడిచి అక్కడే కూలబడింది.

గురవమ్మ చూసి గుండెలు బాదుకుంది. "సుభానీగాడే. వాడే మందు పెట్టాడు" అంది.

సుభానీది పక్క కల్లం. సిపాయికి చలికాలం ఎండ తగిలిన మిరపకాయల మీద పడుకోవడం సరదా. పది రోజుల కింద వాడి పట్టా మీద పడుకుని కాయలన్నిటికీ బొచ్చు అంటించింది. అప్పుడు వాడు కర్ర విసిరి, "ఇంకోసారి కనపడితే మందు పెట్టి చంపుతా" అని నలుగురిలో అరిచిన మాట నిజమే. గురవమ్మ ఆ మాట పట్టుకుని గట్టు దగ్గరికెళ్లి సుభానీని నోటికొచ్చినట్టు తిట్టింది. వాడి ఇంటినీ తిట్టింది, పొయ్యినీ తిట్టింది. కూలీలు పని ఆపి వింటున్నారు. సుభానీ మొహం పాలిపోయింది. "నేను పెట్టలేదు పిన్నీ. కోపంలో అన్నానే గానీ మూగజీవానికి నేనెందుకు పెడతాను" అని మాత్రం అన్నాడు.

చెంచయ్య అక్కడే ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు. ఏమో, వాడే పెట్టాడేమో, ఎవరు చూడొచ్చారు అని కూడా అనుకున్నాడు. అది అబద్ధమని తెలిసే, అదే నిజమైతే బాగుండుననుకున్నాడు. పక్కవాడు పాపాత్ముడైతే తను బయటపడతాడు గదా. తన బుద్ధి ఇంతకి దిగజారిందా అని ఆ క్షణంలోనే అసహ్యమేసింది. అయినా నోరు తెరవలేదు.

ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ఆటో ఎవరిదయ్యా అంటే, ఆ దగ్గరలో ఉన్నది సుభానీ ట్రాలీ ఆటో ఒక్కటే. అడగడానికి మొహం చెల్లక చెంచయ్య నిలబడి ఉండగానే వాడు మిర్చి బస్తాలు కిందికి దించేశాడు. వెనక గోనెపట్టా పరిచాడు. సిపాయిని తనే రెండు చేతులతో ఎత్తి పడుకోబెట్టాడు. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా బండి నెమ్మది చేసి, వెనక్కి తిరిగి, "ఎట్టుంది బాబాయ్?" అని అడుగుతూనే ఉన్నాడు. గురవమ్మ బిగుసుకుని కూర్చుంది. చెంచయ్య సిపాయి తల ఒళ్లో పెట్టుకుని, కుక్క చెవులు నిమురుతూ కూర్చున్నాడు. ఆ ఒక్క దారే ఆయనకి అంతు లేకుండా సాగింది.

డాక్టర్ నాజియా సిపాయి గుండె విని మొహం చిట్లించింది. "ఏం పెడుతున్నారు దీనికి?"

"మీరు చెప్పినట్టే అమ్మా" అన్నాడు చెంచయ్య. ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"పురుగుమందు పెట్టారమ్మా" అంది గురవమ్మ, గుమ్మం దగ్గర నిలబడ్డ సుభానీ వైపు చూడకుండా. "పెడతానని అన్నవాడు కూడా ఉన్నాడు."

డాక్టరు సిపాయి నోరు తెరిచి చూసింది. "మందు తిన్నట్టుగా పూర్తిగా కనపడట్లేదు. చొంగ లేదు, వణుకూ లేదు. మీరు అంత గట్టిగా చెబుతున్నారు కాబట్టి విరుగుడు ఇంజక్షను ఇవ్వొచ్చు. కానీ దాంతో గుండె పరిగెడుతుంది. దీని గుండె ఇప్పటికే బాగాలేదు. మందు తినకుండా ఇది ఇస్తే మన చేతులతో మనమే చంపుకున్నట్టు. తిన్నదని నమ్మకమేనా?"

"నమ్మకమే అమ్మా" అంది గురవమ్మ.

డాక్టరు సిరంజి తీసింది. సిపాయి బల్ల మీద పడుకునే, ఎప్పట్లాగే, తల కాస్త ఎత్తి చెంచయ్య మొహంలోకి చూసింది.

"వద్దమ్మా" అన్నాడు చెంచయ్య. "మందు కాదు. పత్తిగింజలు. గేదెకి రుబ్బినవి. నేనే పెట్టాను."

డాక్టరు సిరంజి పక్కన పెట్టింది. "ఎన్నాళ్లు?"

"కోతలన్నాళ్లూ."

"పత్తిగింజలో విషం ఉంటుందండీ. గేదె పొట్ట తట్టుకుంటుంది, కుక్క తట్టుకోలేదు. తిన్నకొద్దీ గుండెకి పడుతుంది. దీనికి విరుగుడు లేదు" అంది. ఆవిడ కేకలేస్తే బాగుండుననిపించింది చెంచయ్యకి. ఆవిడ కేకలెయ్యలేదు. "ఒంట్లో నీరు తగ్గడానికి మందులిస్తాను. తింటూ ఉంటే కొన్నాళ్లు లాగొచ్చు. తినకపోతే నేను చెయ్యగలిగింది లేదు" అని చీటీ రాసింది.

బయటికొచ్చాక చెంచయ్య సుభానీ ఎదురుగా నిలబడ్డాడు. "ఒరేయ్ సుభానీ, ఆవిడ తిడుతుంటే నాకు తెలిసే ఊరుకున్నానురా. తప్పు నాది" అన్నాడు. సుభానీ ఆయన మొహంలోకి చూడలేదు. "ఎక్కు బాబాయ్, ఎండెక్కుతుంది" అన్నాడు. గురవమ్మ మాత్రం దారిలో ఒక్క మాటే అంది, సుభానీతో: "నా నోరు పడిపోను." మొగుడితో అసలేం అనలేదు.

మర్నాడు చెంచయ్యే గుమ్మడికాయ కోశాడు. చెక్కు తీశాడు, ఉప్పెయ్యకుండా ఉడకబెట్టాడు, వేలితో నలిపి చూశాడు. ఇంతాచేస్తే పొయ్యి వెలిగించి దించేసరికి కూలీల టీ మరిగినంత సేపు కూడా పట్టలేదు. ఈపాటి పనికా ఇంత చేశాను అనుకుంటే కళ్లనీళ్లాగలేదు.

అన్నంలో రెండు చెంచాలు కలిపి సిపాయి ముందు పెట్టాడు. సిపాయి వాసన చూసింది. తలెత్తి ఆయన వైపు చూసింది.

ఆ మాట ఏ నోటితో అంటాడు? సిపాయి చూస్తూనే ఉంది.

"నువ్వనందే తినదయ్యా" అంది గురవమ్మ గుమ్మంలోంచి. నిన్నటి నుంచి ఆయనతో ఆవిడ అన్న మొదటి మాట అది. "తినకపోతే పోతుందని చెప్పింది కదా డాక్టరు."

చెంచయ్య గిన్నెలోంచి ఓ ముద్ద తీసి ముందు తన నోట్లో పెట్టుకున్నాడు. చప్పగా ఉంది. నమిలి మింగాడు.

"తినరా" అన్నాడు.

సిపాయి వెంటనే మూతి పెట్టింది. ఒక్క క్షణమైనా అనుమానించలేదు. అనుమానించి ఉంటే బాగుండునని చెంచయ్య అది తిన్నంతసేపూ అనుకుంటూనే ఉన్నాడు.