మిద్దె మీది పీపా

అంకారావు పీపా బిరడా తీసి, "ఇదిగో అమ్మాయ్, మన తిరువూరు మదీరా" అన్నాడు.

సుప్రజ అతని అన్న కూతురు. హైదరాబాదులో ఒక హోటల్లో వైన్ల విభాగం చూస్తుంది. కొత్త మెనూలోకి మన ప్రాంతపు వైను ఒకటి తెస్తానని మేనేజరుకి మాటిచ్చి వచ్చింది. ఆ మాట నిలబడాలంటే ఈ పీపాలో ఉన్నది బాగుండాలి.

నిరుడు మామిడి తోటలో సగం కొట్టించి, లైసెన్సు తెచ్చుకుని ఆ చోట వైనరీ పెట్టాడు అంకారావు. ద్రాక్ష బయట నుంచి కొన్నాడు. ఏం చేయాలో ఫోనులో చెప్పింది సుప్రజే. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో బ్రాందీ స్పిరిట్ పోస్తే పులియడం ఆగి తీపి మిగులుతుంది. పెద్ద తొట్టెల్లో కొద్దికాలం ఉంచితే ఎరుపు పోదు, అది రూబీ. చిన్న పీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగిలితే గోధుమరంగుకి తిరుగుతుంది, అది టానీ. పీపాలోనే వేడికి కాగితే మదీరా. "దానికి మన తిరువూరు ఎండ చాలు బాబాయ్" అని కూడా అంది. అంకారావు ఆ చివరి మాట ఒక్కటే పట్టుకున్నాడు.

"ఉగాది నుంచి మిద్దె మీదే ఉంది. మా అమ్మాయి హోటల్లో పెడుతున్నారని గంపలగూడెం దాకా చెప్పేశా" అంటూ గొట్టం పెట్టి గ్లాసులోకి తీశాడు.

పైన ఏదో తేలింది. సుప్రజ వాసన చూసింది.

"బాబాయ్, ఇందులో నూనె పోశావా?"

"పోయకపోతే? గాలి తగిలి బూజు పట్టదూ! పెనుగొలను నుంచి నువ్వుల నూనె తెప్పించి నాలుగు వేళ్ల మందాన నిలబెట్టా."

"గాలి తగలాలనే కదా పీపా!"

"నీకు ఆవకాయ పెట్టడం వచ్చా?" అని గద్దించాడు.

మెట్ల మీద నుంచి అతని భార్య నాగేశ్వరమ్మ, "ఈయనకొచ్చేంటి? నేను కలుపుతుంటే జాడీ మూత పట్టుకుని నిలబడతాడు" అంది.

సుప్రజ గుక్క తాగి ఉమ్మేసింది. వేసవంతా కాగిన నూనె కంపు నాలుకని వదల్లేదు. తోట కొట్టించడానికి దొరికిన తీరిక, చెప్పింది పూర్తిగా వినడానికి దొరకలేదు ఈ మనిషికి. రుచి చూడకుండా మాటిచ్చిన తను మాత్రం ఏం తక్కువ తిన్నది?

ఫోను తీసింది. ఫొటోకేమో అనుకుని అంకారావు చొక్కా సర్దుకున్నాడు.

"సార్, మా బాబాయి వైను కుదరదండి. లేదండి, బాగుచేసేది కాదు. నాదే తొందరపాటు. మెనూలో ఆ చోటు ఇంకెవరికైనా ఇచ్చేయండి."

అంకారావు ఆమె ఫోను పెట్టేదాకా ఆగాడు. "ఇంతకీ మదీరా కాకపోతే ఇది ఏ రకం? రూబీనా, టానీనా?"

"పచ్చడి, బాబాయ్."

అంకారావు పీపాకి బిరడా మళ్లీ బిగించాడు.

"పోనీ, మీ హోటల్లో పచ్చళ్లు ఎవరు చూస్తారు? ఆయన నంబరివ్వు."